గన్నవరం నుంచి సింగపూర్ ఫ్లైట్: ఎందుకొచ్చింది, ఎందుకాగింది, మళ్ళీ ఎలా వచ్చింది

2025 నవంబర్ 15న విజయవాడ నుంచి, అంటే గన్నవరం ఎయిర్‌పోర్ట్ నుంచి, సింగపూర్‌కి ఇండిగో డైరెక్ట్ ఫ్లైట్ మళ్ళీ మొదలైంది, వారానికి మూడు రోజులు. మా వైపు సింగపూర్‌లో పిల్లలున్న ఇళ్ళు చాలానే, అందుకే ఆ వారమంతా ఇదే మాట. ఇదే ఫ్లైట్ 2018 డిసెంబర్ 4న కూడా మొదలైంది, అప్పుడూ ఇండిగోనే, వారానికి రెండు రోజులు నడిచేది, 2019 మధ్యలో ఆగిపోయింది. అందుకే జనం సంతోషంతో పాటు ఒక ప్రశ్న కూడా అడుగుతున్నారు, ఈసారైనా ఉంటుందా అని. ఇంకొందరి ప్రశ్న వేరు. "వైజాగ్ నుంచి ఎప్పట్నుంచో సింగపూర్ ఫ్లైట్ ఉంది కదా, మనకెందుకు ఇన్ని కష్టాలు, మన దగ్గర జనం లేరా, డబ్బు లేదా?"

జనమూ ఉన్నారు, డబ్బూ ఉంది. కానీ ఒక ఊరి నుంచి ఇంకో దేశానికి విమానం ఎగరాలంటే ఆ రెండూ చాలవు. దీని వెనక ఒప్పందాలున్నాయి, ఎయిర్‌లైన్ లెక్కలున్నాయి, ప్రభుత్వం ఇచ్చే డబ్బుందో లేదో అన్నదీ ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

బడ్జెట్ ఎయిర్‌లైన్ అంటే తక్కువ టికెట్ అని మాత్రమే కాదు

చాలామంది అనుకునేది, భోజనం పెట్టకపోతే బడ్జెట్ ఎయిర్‌లైన్ అని. అసలు సంగతి ఖర్చు దగ్గరుంది. ఒకే రకం విమానాలు కొంటారు, దాంతో పైలట్ల ట్రైనింగ్, స్పేర్ పార్టులు, మెకానిక్‌లు అన్నీ ఒకే లైన్లో సరిపోతాయి. సీట్లు దగ్గర దగ్గరగా వేస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా విమానాన్ని నేల మీద ఉంచరు, దిగిన అరగంటా ముప్పావుగంటలో మళ్ళీ లేపేస్తారు, ఎందుకంటే విమానం లీజు అద్దె అది ఎగిరినా ఎగరకపోయినా కట్టాల్సిందే, ఎంత ఎక్కువసేపు ఎగిరితే ఆ అద్దె అంత ఎక్కువ సీట్ల మీదకి పంచుకోవచ్చు. ఆర్టీసీ డిపో మేనేజర్‌ని అడిగినా ఇదే చెప్తారు, బస్సు రోడ్డు మీద తిరిగితేనే డబ్బు అని.

ఆ పైన టికెట్‌ని ముక్కలు చేసి అమ్ముతారు. సీటుకి ఒక రేటు, బ్యాగుకి ఒక రేటు, కిటికీ పక్కన కూర్చోవాలంటే ఇంకో రేటు. సింగపూర్ వాళ్ళ స్కూట్ ఈ పద్ధతిలోనే నడుస్తుంది, దాంట్లో అన్నిటికన్నా చవక టికెట్‌కి చెకిన్ బ్యాగ్ ఉండదు, కావాలంటే విడిగా కొనాలి. మన ఇండిగో 2006 ఆగస్టులో దేశం లోపల మొదలైంది, బయటి దేశానికి మొదటిసారి ఎగిరింది 2011 సెప్టెంబర్లో, ఢిల్లీ నుంచి దుబాయ్‌కి. మధ్యలో ఐదేళ్ళు ఎందుకంటే అప్పటి రూల్ ప్రకారం ఐదేళ్ళ అనుభవం, 20 విమానాలు ఉంటేనే మన ఎయిర్‌లైన్లకి విదేశాలకి వెళ్ళే పర్మిషన్. 2016లో ఆ ఐదేళ్ళ షరతు తీసేశారు. ఈ రూల్ సంగతి చిన్నదిలా కనిపిస్తుంది గానీ, చిన్న ఊళ్ళ నుంచి విదేశీ ఫ్లైట్ అనే ఆలోచన ఆలస్యం కావటానికి అదీ ఒక కారణమే అని నా అభిప్రాయం.

ఆకాశం ఖాళీగా ఉన్నా దారి మాత్రం ఒప్పందంతోనే

1944లో చికాగోలో చాలా దేశాలు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. దాని ప్రకారం ఏ దేశం పైన ఉన్న ఆకాశం ఆ దేశానిదే. ఇంకో దేశం ఎయిర్‌లైన్ రెగ్యులర్‌గా వచ్చి ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే రెండు దేశాలూ విడిగా ఒప్పందం చేసుకోవాలి, దీన్నే బైలేటరల్ అంటారు. అందులో వారానికి ఇన్ని సీట్లు, ఈ ఈ ఊళ్ళకే అని రాసి ఉంటుంది. అలా ఒప్పందంలో పేరున్న ఊరిని పాయింట్ ఆఫ్ కాల్ అంటారు. మన ఊరు ఆ జాబితాలో లేకపోతే ఆ దేశపు ఎయిర్‌లైన్ రావాలనుకున్నా రాలేదు, ఎయిర్‌పోర్ట్ బోర్డు మీద ఇంటర్నేషనల్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా సరే.

ఇక్కడే వైజాగ్ కథ మొదలవుతుంది. 2000ల మొదట్లో భారత ప్రభుత్వం ఆసియాన్ దేశాల ఎయిర్‌లైన్లకి, అంటే సింగపూర్, మలేషియా, థాయిలాండ్ లాంటి వాటికి, 18 టూరిస్టు ఊళ్ళకి ఎన్ని ఫ్లైట్లయినా వేసుకోవచ్చని చెప్పింది. గయ, వారణాసి, భువనేశ్వర్, కొచ్చి, తిరుచ్చి, అమృత్‌సర్, గోవా ఇలాంటివన్నీ ఆ లిస్టులో ఉన్నాయి. మన తెలుగు ఊళ్ళలోంచి అందులో ఉన్నది ఒక్క విశాఖపట్నమే. విజయవాడ లేదు, తిరుపతి లేదు.

ఈ ఒక్క పేరు వల్లే 2011లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ గ్రూపులోని సిల్క్ఎయిర్ వైజాగ్‌కి ఫ్లైట్ వేయగలిగింది, 2019లో ఆ రూట్ అదే గ్రూపులోని స్కూట్ చేతికి వెళ్ళింది. 2024లో ఎయిర్ఏషియా వైజాగ్ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్‌లకి మొదలుపెట్టిందన్నా ఆ దారే కారణం. గన్నవరానికి ఆ దారి లేదు. 2017లో గన్నవరాన్ని ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ చేశారు నిజమే, కస్టమ్స్, ఇమిగ్రేషన్ కౌంటర్లు పెట్టారు, కానీ ఆ కౌంటర్లు ఉండటం వేరు, విదేశీ ఎయిర్‌లైన్‌కి హక్కు ఉండటం వేరు. అందుకే విజయవాడకి మిగిలిన దారి మన దేశపు ఎయిర్‌లైన్ ఏదో ఒకటి ముందుకి రావటమే. 2018లోనూ 2025లోనూ వచ్చింది ఇండిగో అవటం యాదృచ్ఛికం కాదు.

వైజాగ్ ఫ్లైట్ నిలబడటానికి ఇంకో కారణం, చాంగీ

హక్కు ఉన్నంత మాత్రాన రూట్ నిలబడదు, నింపుకునే మార్గం కూడా ఉండాలి. సింగపూర్ చిన్న ద్వీప దేశం, దేశం లోపల తిరిగే ఫ్లైట్లే ఉండవు, అక్కడ ఎగిరే ప్రతి విమానమూ విదేశానికే. అలాంటి దేశం చాంగీ ఎయిర్‌పోర్ట్‌ని ప్రపంచం మొత్తానికి ఒక జంక్షన్‌లా కట్టుకుంది, మన విజయవాడ రైల్వే జంక్షన్ ఎలాగో ఆకాశానికి అది అలాగ. వైజాగ్‌లో స్కూట్ ఎక్కిన వాళ్ళందరూ సింగపూర్‌లోనే దిగిపోరు. ఒకరు సిడ్నీలో చదువుకుంటున్న కూతురి దగ్గరికి, ఇంకొకరు బాలీకి, ఇంకొకరు మెల్‌బోర్న్‌లో ఉద్యోగానికి. ఇలా తమ దేశం మీదుగా మూడో దేశానికి తీసుకెళ్ళటాన్ని విమానయానం వాళ్ళు సిక్స్త్ ఫ్రీడమ్ అంటారు.

ఉదాహరణకి ఒక రోజు వైజాగ్ నుంచి 150 మంది ఎక్కారనుకోండి, అందులో సింగపూర్‌కే వెళ్ళేవాళ్ళు 80 మంది, మిగతా 70 మంది పది పదిహేను ఊళ్ళకి చెదిరిపోతారు. ఒక్కో ఊరికి ఐదారుగురే, కానీ అందరూ కలిస్తే విమానం నిండింది. ఇదే విమానం విజయవాడ నుంచి ఇండిగో నడిపితే ఆ ముందుకెళ్ళే 70 మందిని అంత సులువుగా పట్టలేదు, ఎందుకంటే ఇండిగో ఇల్లు ఢిల్లీ, ముంబై, బెంగళూరు, హైదరాబాద్, చాంగీ కాదు. ఎక్కువగా సింగపూర్‌లో దిగేవాళ్ళ మీదే ఆధారపడాలి. అంటే ఒకే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల జనం, ఒకే సింగపూర్, అయినా ఏ దేశపు కంపెనీ నడుపుతుందనే దాన్ని బట్టి లెక్క మారిపోతుంది.

ఇదే మాటని మన ఎయిర్‌లైన్లు తిరగేసి చెప్తాయి. విదేశీ కంపెనీలకి ఊళ్ళన్నీ తెరిచేస్తే మన ప్రయాణికులందరినీ వాళ్ళ జంక్షన్లకి తీసుకుపోయి అక్కణ్ణించి ప్రపంచానికి పంపుతారు, మన దగ్గర పెద్ద జంక్షన్ ఎప్పటికీ తయారవదు అని. ఆ వాదనలో బలముంది. చిన్న ఊళ్ళ వైపు నుంచి చూస్తే, మీ జంక్షన్ తయారయ్యేదాకా మా అమ్మానాన్నలు రాత్రంతా బస్సులో శంషాబాద్ వెళ్ళాలా అన్న ప్రశ్నలోనూ అంతే బలముంది.

"నిండుగానే వెళ్ళేది కదా, ఎందుకాపారు?"

2019లో ఫ్లైట్ ఆగినప్పుడు నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది. విమానం నిండటం, లాభం రావటం రెండూ ఒకటి కావు, ఇది అర్థమవ్వాలంటే ఒక లెక్క వేయాలి. కింద అంకెలన్నీ ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి, ఏ కంపెనీ ఖాతాలోవీ కావు.

180 సీట్ల విమానం. గన్నవరం నుంచి సింగపూర్‌కి దాదాపు 3,000 కిలోమీటర్లు, నాలుగు గంటల పైన. ఫ్యూయల్, లీజు, సిబ్బంది, ల్యాండింగ్ చార్జీలు అన్నీ కలిపి ఒక వైపుకి 20 లక్షలు ఖర్చనుకుందాం. టికెట్‌లో పన్నులు, ఎయిర్‌పోర్ట్ ఫీజులు పోగా కంపెనీ చేతికి సగటున 14,000 మిగిలితే 143 సీట్లు అమ్ముడైతే ఖర్చు వచ్చేస్తుంది, అంటే 100కి 79 సీట్లు నిండాలి. దీన్ని బ్రేక్ ఈవెన్ లోడ్ ఫ్యాక్టర్ అంటారు. ఇప్పుడు అదే విమానం ఆఫర్ పెట్టి 9,000కి అమ్మారనుకోండి, 170 మంది ఎక్కారు, చూసేవాళ్ళకి హౌస్‌ఫుల్. వచ్చింది 15 లక్షల 30 వేలు. దాదాపు 4 లక్షల 70 వేలు నష్టం, అదీ నిండిన విమానంలో.

ఇంకో చిక్కు తిరుగు ప్రయాణం. సింగపూర్‌లో స్కూల్ సెలవులు జూన్‌లో, నవంబర్ డిసెంబర్‌లో వస్తాయి, అప్పుడు అక్కడి తెలుగు కుటుంబాలు ఇటు వస్తాయి, సెలవులు మొదలయ్యేటప్పుడు ఇటువైపు నిండుగా, అటువైపు పల్చగా, సెలవులు అయ్యేటప్పుడు దానికి ఉల్టా. మన వేసవి సెలవులకి ఇక్కణ్ణించి టూరిస్టులు వెళ్తారు, మళ్ళీ అదే కథ. వెళ్ళేటప్పుడు 165 మంది 14,000 చొప్పున, వచ్చేటప్పుడు 90 మంది 12,000 చొప్పున అనుకుంటే మొత్తం 33 లక్షల 90 వేలు వస్తుంది, రెండు వైపులా ఖర్చు 40 లక్షలు. 6 లక్షల 10 వేలు తక్కువ పడింది.

ఇంత కన్నా కఠినమైన లెక్క ఇంకోటుంది. రానూ పోనూ ప్రయాణం, మధ్యలో నేల మీద ఆగే టైమ్ కలిపి ఆ విమానం తొమ్మిది పది గంటలు ఈ రూట్‌కే వెళ్ళిపోతుంది. అదే టైమ్‌లో దేశం లోపల గంట గంటన్నర ట్రిప్పులు ఐదారు వేయొచ్చు. సింగపూర్ రూట్‌లో నష్టం లేకపోయినా, ఆ ట్రిప్పుల్లో ఎక్కువ మిగులుతుందంటే విమానం అటే పోతుంది. బడ్జెట్ ఎయిర్‌లైన్ ఒక రూట్‌ని దాని పక్కన ఉన్న ఇంకో అవకాశంతో పోల్చి చూస్తుంది, మన ఊరి మీద ప్రేమా కోపమా అన్నది అక్కడ ఉండదు. చాలా బడ్జెట్ ఫ్లైట్లు అర్ధరాత్రి అపరాత్రి ఎందుకుంటాయంటే దీని వల్లే, పగలంతా దేశంలో తిరిగిన విమానాన్ని రాత్రి ఖాళీగా నిలబెట్టకుండా విదేశానికి పంపితే ఆ గంటలు చవకగా పడతాయి. నిద్ర పాడయ్యేది మనది, నిజమే.

వయబిలిటీ గ్యాప్ ఫండింగ్, అంటే ఖాళీ సీటుకి ప్రభుత్వం టికెట్ కొనటం

చిన్న ఊళ్ళకి విమానాలు నడపటానికి కేంద్రం పెట్టిన ఉడాన్ స్కీము చాలామందికి తెలుసు, 2017 ఏప్రిల్ 27న కడప నుంచి హైదరాబాద్ ఫ్లైట్ దాని కిందే మొదలైంది. దాని విదేశీ రూపంలో తేడా ఏంటంటే డబ్బు రాష్ట్ర ప్రభుత్వం పెట్టాలి, ఏ ఊరికి ఫ్లైట్ కావాలో రాష్ట్రమే చెప్తుంది, ఎయిర్‌లైన్లు టెండర్ వేస్తాయి. దీన్ని ముందుగా అందుకున్న రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, అస్సాం. 2018 డిసెంబర్లో గన్నవరం నుంచి లేచిన ఫ్లైట్ వెనక ఉన్నది ఈ డబ్బే, అస్సాం అయితే 2019లో గువాహటి నుంచి ఢాకా, బ్యాంకాక్‌లకి ఫ్లైట్లు తెచ్చుకుంది.

పని చేసే పద్ధతి ఇలా ఉంటుంది, మళ్ళీ నా ఉదాహరణ అంకెలే. ప్రతి ట్రిప్పుకీ 120 సీట్లకి, సీటుకి 12,000 చొప్పున ఆదాయం వస్తుందని రాష్ట్రం హామీ ఇచ్చిందనుకోండి. తిరుగు ప్రయాణంలో 90 మందే ఎక్కారు, మిగిలిన 30 సీట్లకి 3 లక్షల 60 వేలు రాష్ట్రం కడుతుంది. వారానికి రెండు ఫ్లైట్లు, సంవత్సరమంతా ఇలాగే ఉంటే 3 కోట్ల 74 లక్షలు. జనం ఎక్కితే కట్టేది తగ్గుతుంది, 120 దాటితే సున్నా. అంటే ఇది టికెట్ మీద ఇచ్చే డిస్కౌంట్ కాదు, ఎయిర్‌లైన్‌కి భయం తగ్గించే ఇన్సూరెన్స్ లాంటిది, కొత్త రూట్‌లో మొదటి ఏడాది జనానికి అలవాటు అయ్యేలోపు పడే దెబ్బని రాష్ట్రం పంచుకుంటుంది.

2018లో దీనికి ఇంకో బలం కూడా ఉండేది. అమరావతి మాస్టర్ ప్లాన్ వేసింది సింగపూర్ కంపెనీలే, అక్కడి స్టార్టప్ ఏరియా కట్టటానికి సింగపూర్‌కే చెందిన అసెండాస్, సెంబ్‌కార్ప్ కలిసి ముందుకొచ్చాయి. ఆఫీసర్లు, ఇంజనీర్లు, కన్సల్టెంట్లు అటూ ఇటూ తిరిగేవాళ్ళు, వీళ్ళు టికెట్ రేటు చూసుకునే రకం కాదు, ఎయిర్‌లైన్‌కి ఇలాంటి ప్రయాణికులే బంగారం. 2019లో ప్రభుత్వం మారింది, సాయం ముందుకి సాగలేదు, ఫ్లైట్ ఆగింది. ఆ ఏడాది నవంబర్లో స్టార్టప్ ఏరియా ప్రాజెక్టు కూడా మూతబడింది. 2020 మార్చి నుంచి 2022 మార్చి దాకా కోవిడ్ వల్ల రెగ్యులర్ విదేశీ ఫ్లైట్లే లేవు కాబట్టి మధ్యలో మళ్ళీ ప్రయత్నం చేసే వీలు కూడా తక్కువే. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారాక అమరావతి పనులు, సింగపూర్‌తో మాటలు మళ్ళీ మొదలయ్యాయి, ఫ్లైట్ కూడా తిరిగొచ్చింది. దీన్ని రాజకీయంగా ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చదువుకోవచ్చు, నేను చూసేది మాత్రం ఒకటే, ఒక విమానం రూట్ అయిదేళ్ళకొకసారి జరిగే ఎన్నిక మీద ఆధారపడితే ఆ రూట్‌ని నమ్ముకుని ఎవరూ ఉద్యోగమో చదువో వ్యాపారమో ప్లాన్ చేసుకోలేరు.

ఈ సాయం న్యాయమేనా, రెండు వైపుల మాటా

వద్దనే వాళ్ళు అడిగేది తేలిగ్గా కొట్టిపారేయలేం. పై ఉదాహరణలోనే చూడండి, ఆ రోజు ఎక్కిన 90 మందికీ తలా 4,000 రాష్ట్రం పెట్టినట్టు. సింగపూర్ వెళ్ళగలిగిన వాళ్ళకి ప్రజల డబ్బెందుకు, ఆ 3 కోట్ల 74 లక్షలతో పల్లెటూళ్ళకి బస్సులు వేయొచ్చు కదా అంటారు. రెండోది, సాయం ఉన్నన్నాళ్ళే ఎగిరి, ఆపగానే పోయే రూట్‌కి అసలు గిరాకీ ఉన్నట్టా లేనట్టా? మూడోది, హైదరాబాద్‌లో పెద్ద ఎయిర్‌పోర్ట్ ఉంది, గన్నవరం నుంచి అక్కడికి ఫ్లైట్లున్నాయి, ఒక స్టాప్‌తో పోయేదానికి ఇంత హడావుడి దేనికి?

కావాలనే వాళ్ళ లెక్క ఇంకోలా ఉంటుంది. ఏలూరులో ఉండే ఒక పెద్దామె కొడుకు దగ్గరికి సింగపూర్ వెళ్ళాలి. హైదరాబాద్ నుంచి టికెట్ 11,000, గన్నవరం నుంచి డైరెక్ట్ 14,000 అనుకుందాం. పైకి 3,000 ఎక్కువ. కానీ హైదరాబాద్ దాకా ఏసీ బస్సు, అక్కణ్ణించి ఎయిర్‌పోర్ట్‌కి క్యాబ్, తోడుగా వెళ్ళే మనిషికి రానూ పోనూ చార్జీలు కలిపితే ఆ 3,000 అక్కడే అయిపోయింది, పైగా ఒక రాత్రి నిద్ర లేదు. విజయవాడ నుంచి ఫ్లైట్‌లో హైదరాబాద్ వెళ్ళి మారినా, రెండూ విడివిడిగా కొన్న టికెట్లయితే బ్యాగ్ తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాలి, మొదటిది లేటయితే రెండోదానికి ఎవరూ బాధ్యత తీసుకోరు. మా పెద్దమ్మకి సరిగ్గా ఇదే జరిగింది, మొదటి విమానం రెండు గంటలు లేటు, రెండోది వెళ్ళిపోయింది, శంషాబాద్‌లో రాత్రంతా కుర్చీలో కూర్చుని తెల్లారి కొత్త టికెట్ కొనాల్సి వచ్చింది. ఇంగ్లీషు రాని, ఎప్పుడూ ఒంటరిగా ఊరు దాటని మనిషికి డైరెక్ట్ ఫ్లైట్ విలువ రూపాయల్లో తేలదు.

నా మట్టుకు నాకు, మొదటి ఏడాదో ఏడాదిన్నరో సాయం చేయటం తప్పు కాదు, కొత్త రోడ్డు వేసినట్టే. అయితే ప్రతి నెలా ఎంతమంది ఎక్కారు, రాష్ట్రం ఎంత కట్టింది, సాయం ఏ తేదీకి ఆగుతుంది అన్నది జనానికి కనబడాలి. అది కనిపిస్తే ఈ వాదనల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

రూట్ నిలబడుతుందో లేదో ఎక్కడ తెలుస్తుంది

ఎయిర్‌లైన్లు సంవత్సరాన్ని రెండు షెడ్యూళ్ళుగా నడుపుతాయి. ఒకటి మార్చి చివరి ఆదివారం నుంచి, ఇంకోటి అక్టోబర్ చివరి ఆదివారం నుంచి. కొత్త రూట్‌ని అటో ఇటో తేల్చేది మామూలుగా ఈ రెండు తేదీల దగ్గరే. ఆపేటప్పుడు మొదలుపెట్టినంత సందడి ఉండదు, మంత్రులు రారు, జెండా ఊపరు. ముందు ఆ తేదీ తర్వాతి టికెట్ల అమ్మకం ఆగుతుంది, తర్వాత కొన్న వాళ్ళకి రీఫండ్ మెసేజ్ వస్తుంది. వారానికి మూడు ఉన్నవి రెండవటం రూట్ ఆగబోతోందనటానికి ఒక గుర్తు. మూడు నాలుగై, ఐదైతే అది రూట్ నిలబడుతుందనటానికి ఇంకా పెద్ద గుర్తు, ఎందుకంటే వారానికి మూడు రోజులే ఫ్లైట్ ఉంటే సోమవారం మీటింగ్ ఉన్నవాడు శనివారమే వెళ్ళాలి, అలాంటి వాళ్ళు చివరికి హైదరాబాద్ దారే పడతారు, వాళ్ళు పోతే ఎక్కువ రేటుకి కొనే ప్రయాణికులు పోయినట్టే.

రెండోది హక్కుల సంగతి. గన్నవరాన్ని విదేశీ ఎయిర్‌లైన్లకి పాయింట్ ఆఫ్ కాల్‌గా ఇచ్చే నిర్ణయం ఢిల్లీలో జరగాలి, అమరావతిలో కాదు. అది వస్తే స్కూట్ లాంటి కంపెనీ తన చాంగీ జంక్షన్ బలంతో గన్నవరం రాగలదు, అప్పుడు రాష్ట్రం ఖాళీ సీట్లు కొనాల్సిన అవసరం చాలా వరకు తగ్గుతుంది, ఇండిగోకి పోటీ కూడా వస్తుంది. అప్పటిదాకా ఏలూరు పెద్దామెకి ఉన్నది వారానికి మూడు రోజుల ఆ ఒక్క ఫ్లైటే, ఆమె టికెట్ కొనేముందు కొడుకు చూడాల్సింది మార్చి చివరి ఆదివారం తర్వాత తిరుగు టికెట్లు అమ్ముతున్నారా లేదా అని.